ఎడమ వెనక మూల

మురకంబట్టు దాటినాక వేలూరు రోడ్డు పక్కన
నా రేకుల షెడ్డు.
పొద్దున్నే వచ్చి నిలబడింది
పల్పు ఫ్యాక్టరీ ఓనరు కారు.
నిలబడిందంటే, మూడు కాళ్ల మీద.
ఎడమ వెనక మూల మాత్రం
ఈనలేక కూలబడిన ఆవు మాదిరి
చక్రాన్ని కడుపులోకి ముడుచుకొని.

డ్రైవరు ఏకాంబరం దిగినాడు.
"రాత్రి బాగానే నిలబెట్టి పోతానన్నా,
తెల్లారేసరికి ఇట్ట.
బెంగుళూరు షోరూములో సెన్సారు మార్చినారు.
ఇప్పుడు కంప్రెసరంట, మూడు లక్షల ఎనభై వేలంట.
నువ్వే ఏందో చేసుంటావని ఓనరు నా మొగం చూస్తా ఉండాడు."

స్కానరు తగిలిస్తే అదే పాట:
ఎడమ వెనక ఎత్తు సెన్సారు, సిగ్నలు నమ్మేటట్టు లేదు.
స్కానరు చాడీ చెప్తుంది, సాక్ష్యం చెప్పదు.
మా దస్తగిరి మేస్త్రి అనేవాడు,
కరెంటు వచ్చే దోవ అందరూ చూస్తారబ్బా,
అది ఇంటికి తిరిగిపోయే దోవ చూడు, అని.
ఆ మాట సాయంత్రం దాకా గుర్తు రాలేదు నాకు.

గాలి బెలూను మీద సబ్బునీళ్లు పోసినా.
ఒక్క బుడగ లేదు.
ఫ్యూజు బాగుంది. రిలే టక్కుమంటోంది.
సెన్సారుకు అయిదు వోల్టులు నిండుగా అందుతున్నాయి.
అన్నీ సరిగ్గా ఉండి బండి కుంటుతుంటే
మెకానిక్కుకు దడ పుడుతుంది.

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
కారు పక్కనే చాప పరుచుకున్నా.
గ్రానైటు లారీ పోయినప్పుడల్లా రేకులు గొణుగుతాయి,
మళ్లీ ఊరుకుంటాయి.
ఒంటిగంటన్నరకు,
ఎవురూ ముట్టుకోకుండానే,
ఉస్స్...

వాల్వు తెరుచుకుంది.
గాలి కారిపోలేదు.
కారే వదిలేసింది, తెలిసి తెలిసి.

లేచి టార్చి నోట్లో కరుచుకున్నా.
మీటరు ఒక ముల్లు సెన్సారు నల్ల తీగకు,
ఇంకో ముల్లు బ్యాటరీ మైనస్‌కు.
సున్నా ఉండాల్సిన చోట
సున్నా పాయింటు తొమ్మిది.

కాలి కింద నేల తగలడం లేదు దీనికి.
నేల తగలక, తానెంతో ఎత్తులో ఉండాననుకుంటోంది.
అనుకొని దిగుతోంది.
దిగినాక కూడా ఎత్తే అనుకొని
ఇంకా దిగుతోంది, కడుపు నేలకానేదాకా.

డిక్కీ చాప ఎత్తితే మూలన ఎర్తు బోల్టు,
పచ్చగా చిలుం పట్టి, బంకబంకగా.
దానిచుట్టూ చీమల జాతర.
వేలితో తీసి వాసన చూసినా.
బెంగుళూరా మామిడి.
బెంగుళూరు వాళ్లకు దొరకనిది
బెంగుళూరా రసం చెప్పింది.

పొద్దున ఏకాంబరం టీ గ్లాసు పట్టుకొని
ఆ బోల్టునే చూస్తా చాలాసేపు మాట్లాడలేదు.
"ఐరాల నుంచి మా చిన్నాయన ట్రాక్టరన్నా.
ఫ్యాక్టరీ గేటు కాడ నాలుగు దినాలు లైన్లో.
కాయ మెత్తబడి, కింద కారతా ఉండాది.
ఓనరు కారుకు లైను లేదు గదా.
రాత్రిపూట డిక్కీలో మూడేసి క్రేట్లు.
వాచ్‌మెను ప్రతిసారీ సెల్యూట్ కొట్టినాడు."
"ఎన్ని ట్రిప్పులు?"
"పదకొండు."

ఉప్పుకాగితంతో బోల్టు తెల్లబడేదాకా రుద్దినా.
రేకు మీద పెయింటు గీకి, తీగ కొన కొత్తది వేసి,
బిగించి, గ్రీసు పూసినా.
సున్నా పాయింటు సున్నా రెండు.
తాళం తిప్పితే కంప్రెసరు గుర్రుమని
ఆ మూల మెల్లిగా లేచింది,
మందలిచ్చినాక లేచి కూచున్న పిల్లోడి మాదిరి.

బిల్లు: ఎర్తు బోల్టు శుభ్రం, నాలుగు వందల యాభై.
కింద కారణమని ఒక గడి ఉంటుంది.
పెన్ను ఆపినా.
ఏకాంబరం రోడ్డు దిక్కు తిరిగి నిలబడినాడు.

తేమ, అని రాసినా.
అబద్ధమేం గాదు.

చీమలు మాత్రం ఇంకా
డిక్కీ అంచు వెంబడి వరసగా పోతానే ఉండాయి,
లైను తప్పకుండా.