ఎదురు కూర్చున్నవాడు

హెన్లీలో పందేలు ముగిసిన మర్నాడు
నదిలోంచి కొయ్యగుంజలు పీకుతారు.
ఒక్కొక్కటీ ఊడొచ్చినప్పుడు
పుప్పిపన్ను ఊడిన చప్పుడు.
గుడారాలెత్తేసిన చోట గడ్డి
పాత వార్తాపత్రికలా పాలిపోయి ఉంటుంది,
దాని మీద ఎర్రగద్దలు
మిగిలిపోయిన శాండ్‌విచ్‌ల కోసం చక్కర్లు.

పడవల ముక్కు మీద పేర్లు రాసి బతికాను,
చెయ్యి వణకడం మొదలయ్యేదాకా.
అంతకుముందు, పంతొమ్మిదో ఏట,
నలభై తొమ్మిది కిలోల ఎముకల మూటని,
ఎనిమిది ఎద్దుల్లాంటి మనుషుల్ని
ఉత్త గొంతుతో తోలినవాణ్ణి.

తెడ్డు వేసేవాడు
పోయేవైపుకి వీపు పెట్టి పోతాడు.
గెలుస్తున్నవాడికి ఓడేవాళ్ళు కనబడతారు,
ఓడుతున్నవాడికి ఖాళీ నీళ్ళు.
ముందున్నవాడి వీపే లోకం.
పడవంతటికీ ముందుచూపు నాకొక్కడికే,
చుక్కాని తాళ్ళు రెండు చేతుల్లో.

ఇవాళ ఐసొబెల్ ప్లమ్‌రిడ్జ్ వచ్చింది.
హెడ్లీ కోటు వేసుకుంది, చేతులు రెండు మడతలు పెట్టి.
వంతెన పక్క బెంచీ మీద కూర్చుని
చాలాసేపు కోటు గుండీతో ఆడింది.
"ఆ రోజు, ఆఖరి ఇరవై తెడ్లప్పుడు
ఆయన మొహం ఎలా ఉంది?
మిగిలినవాళ్ళని అడిగాను.
ఒకతను భుజాల సంగతి చెప్పాడు,
ఇంకొకతను మెడ మీది పుట్టుమచ్చ.
మొహానికి ఎదురు కూర్చున్నది నువ్వొక్కడివే."

వంతెన కమాను మీద ఒక రాతిమొహం
నది వచ్చేవైపు చూస్తుంది,
అవతలిపక్క ఇంకోటి, పోయేవైపు.
రెండొందల ఏళ్ళు దాటినా
ఒకదాన్నొకటి చూసుకోలేదు.

ఏం చెప్పను?
గమ్యం గీత కోసం వెతుకుతున్న నా కళ్ళకి
హెడ్లీ తల ఒక అడ్డం.
"తల పక్కకి తియ్యరా" అని తిట్టాను కూడా.
మూడడుగుల్లో ఓడిపోయాం.
చూద్దామనుకునేసరికి
వాడు ముందుకి వంగి
నా మోకాలి మీద తల వాల్చేశాడు.
లాగు తడిసింది, వెచ్చగా.
చెమటో మరొకటో
నేనడగలేదు, వాడూ చెప్పలేదు,
యాభై ఏళ్ళు పక్కపక్కనే బీరు తాగాం.

అబద్ధం ఒకటి నాలిక మీదికొచ్చింది,
సింహంలా ఉన్నాడని.
మింగేసి, జరిగింది చెప్పాను.

ఐసొబెల్ నా కాళ్ళకేసి చూసింది.
"ఏ మోకాలు?" అంది.

ఎడమది, అన్నాను.
నిజానికి గుర్తులేదు.