పుత్తూరు కట్టు

తోతాపురి మామిడిపెట్టెలో వచ్చిందామె.
కింద వరిగడ్డి, పైన పోలీసు సీలు,
పక్కన ఇంకా చెరగని మండీ నంబరు.
కళ్యాణి డ్యాం నీళ్లు వెనక్కి పోయిన చోట
మేకలు తోలేవాడి కర్రకు తగిలిందట.

ఉతికిన తెల్లగుడ్డ మీద ఒక్కొక్కటే పరుస్తాను.
ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే.
తల నుంచి కాలిదాకా,
మనిషి వెల్లకిలా పడుకున్నట్టే.
ఎడమ మోకాలిచిప్ప రాలేదు.
దాని చోటు దానికి వదిలినాను.

హసీనా డాక్టరమ్మ వంగి చదువుతుంది.
కటి ఎముక వెడల్పు చూసి ఆడమనిషంది.
మెడ కింది ఎముక కొన
ఇప్పుడిప్పుడే అతుక్కుంటా ఉంది,
ముప్పై దాటలేదు.
తొడఎముకను పలక మీద పెట్టి కొలిస్తే
నాకన్నా రెండంగుళాలు పొట్టి.
పళ్ల మీద గోధుమరంగు చారలు:
బోరునీళ్లు తాగి పెరిగిన బిడ్డ.
ముందుపంటిలో సన్నటి గాడి.
పూలదారమో, మిషను దారమో
రోజూ కొరికింది.

కుడి ముంజేయి దగ్గర ఆగింది.
"మునిరత్నం, ఇది చూడు."
ఎప్పుడో విరిగి, కొంచెం వంకరగా అతికిన ఎముక.
ప్లేటు లేదు, స్క్రూ లేదు.
ఆమె కర్నూలు మనిషి. నేను పుట్టింది నారాయణవనం.
"కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురుబద్దలు మేడమ్.
పుత్తూరు కట్టు" అన్నాను.
రిపోర్టులో రాయలేదు గానీ
అంచున పెన్సిల్‌తో గీసుకుంది.

ఆ పెన్సిల్ మాట పట్టుకునే
పోలీసులు పాత ఫిర్యాదులు తిరగేసినారు.
కార్వేటినగరం నుంచి చెంగమ్మ వచ్చింది,
మూడేండ్లుగా కనబడని చెల్లెలి ఫోటోతో.
రక్తం తీస్తుంటే మొహం తిప్పుకోలేదు.

"దానికి తొమ్మిదేండ్లు సార్ అబ్బుడు.
చింతచెట్టు మీంచి పడిందని మాయమ్మకు చెప్పినా.
పడలేదు.
నేనే తోసినా.
అది గూడా ఎవురికీ చెప్పలేదు, చచ్చేదాకా..."
నాలిక కరుచుకుని
"యాడుందో ఏమో" అని సరిచేసుకుంది.

డీఎన్ఏ ఫలితం రావాల. నెలో, రెండు నెలలో.
అంతదాకా ఆమె పేరు పెట్టె మీద అంకె.

సాయంత్రం ఫారం నింపినాము.
చావుకు ముందటి గాయాలు:
కుడి ముంజేయి, పాతది, మానింది.
ఆ గడిలో అంతే పడుతుంది.

లైటు ఆర్పబోయి, వెనక్కి వచ్చి
ఆ చేతిని
కొంచెం లోపలికి జరిపినాను,
బల్ల అంచు నుంచి పడకుండా.