పది వేళ్లలో ఒకటి

గాజుపలక మీద నాలుగు వేళ్లు పెట్టమంది.
పెట్టాను.
యంత్రం ఎర్రగా కూసింది.
తడి కాగితంతో తుడిచి మళ్లీ పెట్టమంది.
మళ్లీ ఎర్రగానే.

"చేతులకేమైనా జబ్బా?" అనడిగింది
గోరింటాకు ఇంకా వెలవని పిల్ల, నా ఈడుదే.
ఏమని చెప్పను?
కాశీబుగ్గలో మా వీధి మొత్తానికుందమ్మా ఈ జబ్బు.
పిక్క పగిలితే జీడి చిమ్ముతుంది.
బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా
తోలు పొరలు పొరలుగా లేచిపోతుంది.
ఇంటరు సెలవుల్లో, డిగ్రీ సెలవుల్లో
కిలోకింతని
పప్పు విరక్కుండా తీశాను.
గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర.
నా గీతలు ఏ డబ్బాలో పడి ఏ ఊరెళ్లాయో
లెక్క చూసుకోలేదు.

లీడ్సులో ఎందుకు చదవాలో
కన్సల్టెన్సీ బాబు రెండు పేజీలు రాసిచ్చాడు.
చిన్నప్పటినుంచీ ఆహార సాంకేతికతంటే
నాకు తగని మక్కువట!
నిజమే అనుకో,
ఆ మక్కువ వాసన తలంటుకున్నా పోయేది కాదు.

అప్పుకి హామీ మా చిన్నమ్మ ఆదెమ్మ.
బొటనవేలు ఒత్తితే
కాగితం మీద నల్లటి గుండ్రం, గీతన్నది లేకుండా,
అమావాస్య చందమామలాగ.
బ్యాంకాయన అటూ ఇటూ తిప్పి
"సరేలే" అని స్టాంపేశాడు.
ఆయనకి ఆ చెయ్యి తెలుసు,
శనివారం శనివారం కిటికీ దగ్గర చూస్తుంటాడు.

ఇక్కడ
ఎడమ చిటికెనవేలొక్కటే పచ్చగా వెలిగింది.
పిక్క పట్టని వేలు,
పనిలో ఎప్పుడూ పక్కకి జరిగి నిలబడే వేలు,
అదొక్కటే నన్ను ఎరుగుదునంది.

"కొబ్బరినూనె రాయండి.
పదిహేను రోజులు పని మానేసి రండి."

విశాఖ ఎక్స్‌ప్రెస్సులో రాత్రంతా
చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను,
ఎవరివో అరువు తెచ్చినట్టు.

పలాసలో దిగి ఇల్లు చేరేసరికి
చిన్నమ్మ కేరేజీ పట్టుకుని గుమ్మం దిగుతోంది.
"ఒలే గుంటా, ఏటైనాది?"
చెప్పాను. నవ్విందో ఏమో, కొంగు అడ్డం పెట్టుకుంది.
నా వాటా పిక్కలూ తనే తీస్తానంది,
పదిహేను రోజులూ.

రోజూ రాత్రి బల్బు కింద
నా వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది.
"ఇదిగో, ఇక్కడోటి మొలిసినాది" అంటుంది,
చూపించే ఆ వేలు
నా వేలికంటే నున్నగా.