అంచు

సిరొంచ దాటి అహేరి దారిలో
టేకు కొట్టేసి కరెంటు లైను లాగారు.
నిరుడు తొలకరికి ఒకటే అడవి.
ఇప్పుడు రెండు ముక్కలు, మధ్యలో ఎండ.

గూళ్ళు లెక్కపెట్టే కూలి నాది.
వాచర్ మడావి లాల్సు ముందు నడిచి
వెదురు పొద కింద వంగి
ఎండుటాకుల బంతి చూపించాడు.
పొన్నంకి పిట్టది. నాలుగు గుడ్లు,
తెలుపు మీద వంకాయరంగు చుక్కలు.

వారానికి పెంకులు.
పై వారానికి పెంకులూ లేవు.
ఎండ పడ్డచోటికి కాకి వచ్చింది,
కాకి వెనకే ఊరి పిల్లి.

బట్టల కొట్టులో మా అమ్మ అనేది,
అంచు పెద్దదైతేనే చీరకు అందమని.
ఒళ్ళంతా అంచే అయిన చీరని
ఎవరు నేస్తారమ్మా, ఎవరు కడతారు?

లోపలికి పోతే ఇంకోటి ఉంటది, అన్నాడు లాల్సు.
లోపలంటే ఎక్కడ?
ఎటు నడిచినా నూరడుగులకే లారీ హారను.

రిజిస్టర్లో 'పిల్లలు' అన్న గడి దగ్గర ఆగాను.
అదే వెదురు పొద. నోట పుల్లతో
అదే పిట్ట, తోక ఆడిస్తూ.
లాల్సు గొంతు తగ్గించి మాడియాలో ఏదో అన్నాడు.
అర్థం అడగలేదు.
పెన్ను జేబులో పెట్టి
పెన్సిలుతో రాశాను:
రెండో గూడు, మొదలు.