పైన నిప్పు, కింద నిప్పు

బరంపురం బజార్లో తెచ్చిన బియ్యం రాత్రే నానబోశాను.
కొత్త బియ్యం వద్దన్నాడు రొడెల్.
పాతవైతేనే పిండి చెప్పిన మాట వింటుందట.
బాతుగుడ్లు నాలుగు, ఉప్పునీళ్ల కుండలో పదిహేను రోజులు.
బంగారమ్మ రోజూ మూకుడెత్తి చూసేది:
"ఇంకా పొదగలేదేటి?"

ఇంజను గదిలో మా ఇద్దరిదీ అర్ధరాత్రి కాపలా.
పన్నెండు నుంచి నాలుగు దాకా.
గేజీల్లో ముల్లు కదలని గంటల్లో
వాడు తిండి గురించి మాట్లాడేవాడు.
ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ఒక గరిటెడు,
మిగతాదంతా చేతులే.
ఒక అరచెయ్యి కింద పెట్టి, నిప్పు, అనేవాడు.
ఇంకో అరచెయ్యి పైన పెట్టి, నిప్పు, అనేవాడు.
మధ్యలో ఉన్న గాలిని వాసన చూసి
కళ్లు మూసుకునేవాడు.
ఆ గాలి పేరు బిబింకా.

ఇవాళ మార్గశిర గురువారం.
గోపాల్‌పూర్‌లో మా పల్లెని ఆనుకున్న ఒడియా వీధిలో
గడప గడపకీ తడిపిండి ముగ్గు, లక్ష్మి పాదాలు.
నా గిన్నెలోనూ అదే తెలుపు.

కొబ్బరి కోరడం నాకు చేతకాదు.
వల అల్లిన వేళ్లు, వాల్వులు బిగించిన వేళ్లు
కోరాం ముందు కూర్చుంటే ఒట్టి మొద్దులు.
రెండు చోట్ల తెగింది.
మొదటి పాలు చిక్కగా తీసి పైపూతకి దాచాను,
రెండో పాలు పిండిలో పోశాను.
బెల్లమా, పంచదారా?
వాడు చెప్పే ఉంటాడు.
బాయిలరు కూతలో కొట్టుకుపోయిన మాటల్లో
అదొకటి.
బెల్లమే వేశాను.

అరటాకు సెగకి చూపిస్తే
ఒక్క క్షణం నల్లబడి, నిగనిగలాడి, వంగింది.
గిన్నెకి పరిచి, పిండి పోసి,
ఉడికిన గుడ్డు చక్రాలు నాలుగు పేర్చి,
మూత మీద బొగ్గులు కుమ్మరిస్తుంటే
గోడమీంచి సుకాంతి మావుసి.

"పొడపిఠాయా? అది రొజొకి కదా,
వానల ముందు! చలికాలం ఎవడు కాలుస్తాడు?"
ఆమె ఒడియాలో సగం తెలుగు,
నా తెలుగులో సగం ఒడియా.
"పిలిప్పీన్సు పిఠా, మావుసీ."
"అబద్ధం. పైన బొగ్గులేశావుగా, మనలాగే."
"వాళ్లూ ఇలాగే వేస్తారు."
"ఎవరు నేర్పారు వాళ్లకి?"
నాకేటి తెల్సు?

చుట్టూ తిరిగి లోపలికే వచ్చేసింది.
పుల్లతో బొగ్గుల్ని నడిమి నుంచి అంచులకి జరిపింది.
"నడిమిది దానంతటదే ఉడుకుతుంది,
అంచుల్ని బతిమాలాలి."
తర్వాత ముక్కు ఎగబీల్చి, "గుడ్డుందా ఇందులో?"
ఉంది.
గురువారం కదా, రెండడుగులు వెనక్కి వేసింది.
"ఒక ముక్క దాచు. రేపు శుక్రవారం."

మూత తీస్తే ఒక పక్క మాడింది.
రెండో పక్క చెక్కు కట్టిన బంగారు రంగు.
బంగారమ్మ ఒక తునక నోట్లో పెట్టుకుని
చాలాసేపు నమిలింది.
"వోడు చేస్తే ఇలాగే ఉంటాదేటి?"

అప్పుడు తట్టింది.
వాడెప్పుడూ చెయ్యలేదు.
నూనె ఓడలో అగ్గిపుల్ల గీస్తేనే నేరం,
ఇంక బొగ్గులెక్కడివి, అరటాకెక్కడిది?
పదకొండు నెలలు విన్నాను,
ఒక్కసారీ తినలేదు.

"మరి సరిగ్గా వచ్చిందని
ఎలా తెలుస్తాది నీకు?"

ఫోటో తీసి పంపాను.
రొడెల్ ఏ నీళ్ల మీద ఉన్నాడో,
ఒక్క టిక్కే పడింది.
దీపస్తంభం వెలిగేదాకా చూశాను, ఒక్కటే.
మాడిన పక్క నేనే తిన్నాను.
ఉప్పుగుడ్డు తగిలిన చోట తీపి ఆగిపోయి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మొదలైంది.

మావుసి ముక్క ఆకులో చుట్టి,
చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో గిన్నె నిలబెట్టి,
పైన చిల్లుల మూత వేశాను.
ఆమె కూడా దీన్నెప్పుడూ తిన్నది కాదు.
కానీ ముప్పై ఏళ్లుగా కాలుస్తోంది.
రేపు చెప్తుంది.