రెండో బెంచీ

మా డీజిల్ కాలనీ చర్చిల క్వయర్‌కు
ఆడోళ్లయి రెండు బెంచీలు.
ముందుది సొప్రానోలది. వెనుకది మాది, ఆల్టోలది.
మేం బంతిల పప్పు లెక్క,
ఉంటే ఎవరూ మెచ్చుకోరు
లేకుంటే మాత్రం అందరికీ తెలుస్తది.

ముప్పై ఏండ్లు నేను చూసింది రాహేలు వీపునే.
ముడి కింద, మెడ మీద ఒక పుట్టుమచ్చ.
పై స్వరం రాబోతుందనంగ
ఆ మచ్చ సన్నగ కిందికి జరిగేది.
భుజాలు లేవకపోయేవి, తల ఎత్తకపోయేది.
అటెన్క వినొచ్చేది.

ఎట్ల చెప్పాలె దాన్ని?
కీక కాదు. కూత కాదు.
చలికాలం పొద్దుగాల పట్టా మీద వేలు పెడితే
ఇంకా కనవడని రైలు వేలికి తెలుస్తది సూడు,
అట్ల తెలిసేది, పండ్ల సందున.
గోడ మీది ట్యూబులైటు రేకు
దానికదే జుయ్యిమనేది.
పాస్టరుగారు ఏటేటా ఎలక్ట్రీషియన్ను పిలిపించేటోడు.

ఆమె నాయిన గ్యాంగుల పని.
పదేండ్ల పిల్ల సద్దిగిన్నె పట్టుకొని
కాజీపేట యార్డు అంచుకు నిలవడి పిలిచేదట.
"ఇంజన్ల మోత ఎంత పెద్దదైనా కిందనే పారుతది వదినా,
దానితోని కొట్లాడితే గొంతే పోతది.
మీదికెల్లి పిలిస్తే చాలు,
ఆరో లైన్ల ఉన్నా నాయిన తలెత్తేటోడు."

హన్మకొండల సంగీతం సారు
శ్రుతిపెట్టె ముందు కూసోబెట్టి ఆర్నెల్లు విన్నడు.
మంచోడే. ఒకనాడు కండ్లద్దాలు తీసి తుడుసుకుంట
"అంత పైన మా సంగీతానికి ఊరు లేదమ్మా,
తొవ్వ మధ్యలనే ఆగాలె" అన్నడు.
పెండ్లిళ్ల ఆర్కెస్ట్రా ఓనరు
ఆరు నూర్లు చేతుల పెట్టి
"మైకుంది గద, అంత నోరెందుకు?
హీరోయినుకు పదహారేండ్లు, ముద్దుగ పాడు" అన్నడు.
పాడింది. చెరువు లెక్కటి గొంతును
చెంబుల పోసి పంచింది,
మటన్ బిర్యాని తినే వాళ్ల నడుమ.
మొత్తం తెమ్మన్నది మా చర్చి ఒక్కటే,
అదీ ఏడాదికి రెండు పండుగలు.

పోయినేడు ఎంజీఎంల గొంతు కోసిన్రు.
థైరాయిడ్ గడ్డ. ప్రాణానికి భయం లేదన్నరు.
మూడు నెలలకు ప్రాక్టీసుకొచ్చింది,
మెడ సుట్టూ కొంగు కప్పుకొని.
ముందు బెంచీ దాటింది. ఆగలే.
నా కాడికొచ్చి
"జరుగు" అన్నది.

జరిగిన.

ఒకే పుస్తకం ఇద్దరం పట్టుకున్నం.
అలవాటు పాడుగాను, అక్కడక్కడ
మా వరుస ఇడిసి ఆమె దారికి పోయేది,
పోయినంక ఉత్త గాలి వచ్చేది.
అప్పుడు నేను అద్దాలు సదురుకునేదాన్ని.
ఏం జేస్త మరి.

ముందు బెంచీల ఇప్పుడు సోమిడి పిల్ల, కెజియా.
ఇంటరు. ఫోన్ల చూసి నేర్చింది.
నరాలు ఉబ్బంగ, మడిమెలెత్తి
పై స్వరాన్ని గుంజేది, బాయిల బొక్కెన గుంజినట్టు.
అది సగం దాకొచ్చి జారేది.
రాహేలు రెండు వారాలు ఊకున్నది.
మూడో వారం లేచి, ఆ పిల్ల మడిమెలు నేలకు ఆనిచ్చి
"మోతతోని కొట్లాడకు బిడ్డా.
మీదికెల్లి మీ నాయినను పిలువు" అన్నది.
"మా నాయిన దుబాయిల ఉంటడు ఆంటీ."
"అయితే ఇంకింత మీదికెల్లి."

నవ్విన్రు అందరు. పిల్ల నవ్వలే.

క్రిస్మస్‌కు ముందు శనివారం.
బయట గూడ్సు బండి, యాభై డబ్బాలు, పోతనే ఉన్నది.
కీబోర్డు నాకే వినొస్తలేదు.
ఆ మోత మీద, ఎక్కినట్టు గాక
ఎప్పటిసంది అక్కడనే ఉన్నట్టు
కెజియా గొంతు.
రేకు జుయ్యిమన్నది.

నేను పక్కకు చూసిన.
రాహేలును పాట నడుమ ఎన్నడు ముఖంల చూసిన గనుక?
నోరు మూసే ఉన్నది.
జారిన కొంగు కింద కుట్టు మచ్చ
సన్నగ కిందికి జరిగింది.

"నా దిక్కేం చూస్తవ్, పేజీ తిప్పు" అన్నది,
"మనది వచ్చె."