బేసిన్ బ్రిడ్జి పద్దు

చిత్తుకాగితాల కొట్లో కిలో పద్దెనిమిది రూపాయల చొప్పున
తూకమేసి కొన్నాను మునిరత్నంగారి పద్దుపుస్తకం.
అట్ట ఉప్పుబారింది. లోపల సిరా గట్టిదే.

"సూళ్లూరుపేట సరుగుడు, నాలుగు వందల మణుగులు.
పులికాటు గుల్ల, రెండు పడవలు.
మస్తానమ్మ పడవ, ఉప్పు. సుంకం బాకీ.
మళ్లీ బాకీ."

మస్తానమ్మ ఎవరో నాకు తెలియదు.
తడ దగ్గర గాలి పడిపోతే
నడుముకి తాడు బిగించి గట్టుమీద నడిచే మనిషని
ఊహించుకున్నాను, అంతే.

సముద్రం పక్కనే, సముద్రానికి భయపడి
తవ్వుకున్న సన్నటి నీటిదారి.
పట్నం పొయ్యిలో నెల్లూరు మండేది
పట్నం గోడకి పులికాటు సున్నమయ్యేది
పట్నం జాడీలో కృష్ణపట్నం ఊరేది.

అక్టోబరు ఒకటి, యాభై మూడు.
దేశానికి ఆరేళ్లు, పాలపళ్లు ఊడే వయసు.
పలకమీద గీత గీసి
ఇటు మీది, అటు మాది అంది.
మర్నాడు మునిరత్నంగారు కొత్త గడి గీశారు: "బయటి రాష్ట్రం."
తడ నీళ్లు ఆ గడిలో పట్టక
పడవలతో సహా ఎప్పట్లాగే వచ్చాయి.

నీరు పల్లమెరుగు.
సొమ్ము రేవునెరుగు: ఓడ ఆగే లోతు,
బొగ్గు దిగే గట్టు, చవగ్గా దొరికే ఇసుకనేల.
ఎన్నూరులో పొగగొట్టాలు లేచాయి, మణలిలో మంటలు,
పెరంబూరులో రైలుపెట్టెలు.
మస్తానమ్మ ఊరికి మాత్రం
ఎప్పుడడిగినా "వచ్చే ప్రణాళికలో."

లారీలొచ్చాయి.
చివరి పేజీలో ఒక్కటే మాట, "ఎవరూ రాలేదు."
కింద తేదీ, సంతకం, శుభ్రంగా.

నేను పనిచేసేది అదే కాలవకి దక్షిణాన,
ఉప్పుమళ్లు పూడ్చి కట్టిన అద్దాలమేడలో.
ఎవరివో సరుకులు, ఏ దేశానివో,
తెరమీద లెక్కబెడతాను.
మళ్లీ రేవు గుమాస్తా పనే. నీళ్లే లేవు.

ఆ డిసెంబరు వానకి వచ్చాయి.
గేటు దగ్గర ఎవర్నీ అడక్కుండా
కార్లని పక్కకి నెట్టి, లిఫ్టు గుంటలోకి దిగి
పాత చిరునామా దొరికినట్టు నిలబడ్డాయి.

మెట్లమీద నిలబడ్డ నాకోసం ఒక పడవ.
గడ వేస్తున్నది ఓ నడివయసు ఆడమనిషి.
ఎంతమ్మా, అన్నాను, అలవాటు కొద్దీ.
తాడు చుట్టుకుంటూ అందామె,
"ముందు కాలు లోపల బెట్టు మే."